యూఎస్‌బీ ప్రింటర్ ఒక్కటే, ఇంట్లో సిస్టమ్‌లు మూడు: కలిపి వాడుకోవడం ఎలా

కెనాన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్లస్ లాంటి లేజర్ ప్రింటర్లు మన ఇళ్లలోనూ జిరాక్స్ షాపుల్లోనూ ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. టోనర్ తేలిగ్గా దొరుకుతుంది, రీఫిల్ చేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వీటికి ఉన్న లోటు ఒక్కటే. వైఫై లేదు, నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు లేదు, ఉన్నదల్లా వెనక ఒక యూఎస్‌బీ పోర్టు. అందుకని మిగతా ల్యాప్‌టాప్‌ల నుంచి ప్రింట్ కావాలంటే ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హాల్లో ఉన్న డెస్క్‌టాప్ దగ్గరికి వెళ్తుంటాం. అక్కడ ‘అను’ అనే తెలుగు ఫాంటు లేక తెలుగంతా పిచ్చి గీతలైపోతుంది, లేదా వర్డ్ వెర్షన్ తేడా వచ్చి పేజీలు జరిగిపోతాయి. ప్రింటర్‌ను నెట్‌వర్క్‌లో షేర్ చేస్తే ఫైల్ ఏ సిస్టమ్‌లో తయారైందో అక్కడి నుంచే, అక్కడి ఫాంట్లతోనే అచ్చవుతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి విండోస్ 10, విండోస్ 11 లకు. ప్రింటర్ కేబుల్ తగిలించిన సిస్టమ్‌ను హోస్ట్ అందాం, ప్రింట్ పంపే మిగతావాటిని క్లయింట్లు అందాం.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. షేరింగ్ అంటే ఒక పని కాదు, మూడు పనులు. క్లయింట్‌కు హోస్ట్ కనబడాలి. కనబడ్డాక హోస్ట్ దాన్ని లోపలికి రానివ్వాలి. లోపలికి వచ్చాక డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) కుదరాలి. ఎర్రర్ రాగానే చాలామంది డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తూ పూటంతా గడిపేస్తారు, చిక్కు మాత్రం మొదటి రెండింట్లో ఉంటుంది. కాబట్టి కింది వరుస తప్పవద్దు. ఒక మెట్టు గట్టిగా ఉందని తేలాకే పై మెట్టు ఎక్కండి.

హోస్ట్ ఏది, కేబుల్ ఎక్కడ

రోజులో ఎక్కువసేపు ఆన్‌లో ఉండే సిస్టమే హోస్ట్ కావాలి. హోస్ట్ ఆఫ్ అయినా, స్లీప్‌లోకి వెళ్లినా ఎవరికీ ప్రింట్ రాదు. డెస్క్‌టాప్ ఉంటే అదే మేలు. పాత ల్యాప్‌టాప్‌ను హోస్ట్ చేస్తున్నారా? సెట్టింగ్స్ → సిస్టమ్ → పవర్‌లో, ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ నెవర్ అని పెట్టండి. స్క్రీన్ ఆరిపోతే ఇబ్బంది లేదు. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, మూత మూస్తే ఏం చేయాలన్నచోట ప్లగ్డ్ ఇన్ కింద డూ నథింగ్ ఎంచుకోండి. హోస్ట్‌లో ఎవరూ లాగిన్ కాకపోయినా ఫర్వాలేదు. అచ్చు పని చూసే ప్రింట్ స్పూలర్ ఒక సర్వీసు, సిస్టమ్ లేవగానే అదీ లేస్తుంది.

కేబుల్ నేరుగా సిస్టమ్ వెనక పోర్టుకే పెట్టండి, మధ్యలో చవక హబ్‌లు వద్దు. పొడవు 3 మీటర్లు దాటకపోతే మంచిది, యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు పైహద్దే 5 మీటర్లు. ఏ పోర్టుకు పెట్టారో అక్కడ చిన్న స్టిక్కర్ అంటించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తర్వాత మీ ప్రాణం కాపాడుతుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు కేబుల్ ఊడి, దాన్ని వేరే పోర్టులో గుచ్చితే విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని అదే పేరుకు కాపీ 1 అని తగిలించి ఇంకోటి తయారుచేయొచ్చు. మీరు షేర్ చేసింది పాతదాన్ని. క్లయింట్లు పంపిన పనులన్నీ ఆ పాతదాని దగ్గర వరుస కట్టి కూర్చుంటాయి, కాగితం మాత్రం కదలదు.

లేజర్ ప్రింటర్ ప్లగ్‌ను కంప్యూటర్ కింద ఉండే చిన్న యూపీఎస్‌కు పెట్టకండి. లోపలి హీటర్ వేడెక్కే క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. యూపీఎస్ అరిచి ఆగిపోతుంది, దానితోపాటు హోస్టూ పడిపోతుంది. ప్రింటర్‌కు గోడ సాకెట్టే సరి.

ఇప్పుడు హోస్ట్ నుంచి ఒక టెస్ట్ పేజీ తీయండి. ఇక్కడే రాకపోతే షేరింగ్ గురించి ఆలోచించే పనే లేదు.

హోస్ట్‌కు మారని చిరునామా

రౌటర్ ప్రతి సిస్టమ్‌కూ ఒక ఐపీ చిరునామా ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఆ అంకె మారిపోవచ్చు. నిన్నటిదాకా వచ్చిన ప్రింట్ ఈరోజు ఆగిపోవడానికి మన ఇళ్లలో ఇదొక పెద్ద కారణం. హోస్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని, దాని తర్వాత స్లాష్ పెట్టి ఆల్ అని ఇంగ్లీషులో కొట్టండి. మీరు వాడుతున్న వైఫై లేదా ఈథర్నెట్ కింద ఐపీవీ4 అడ్రస్, ఫిజికల్ అడ్రస్ కనిపిస్తాయి, రెండూ రాసుకోండి. అక్కడే డిఫాల్ట్ గేట్‌వే అని ఉండేది రౌటర్ చిరునామా. చాలా రౌటర్లకు అది 192.168.1.1, జియో ఫైబర్‌కు 192.168.29.1. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి రౌటర్‌లోకి లాగిన్ అయి, డీహెచ్‌సీపీ లేదా ల్యాన్ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ వెతకండి. హోస్ట్ ఫిజికల్ అడ్రస్‌కు ఒక అంకె శాశ్వతంగా కట్టేయండి. ఇక్కడ ఉదాహరణకు 192.168.1.20 అనుకుందాం. హోస్ట్ వైఫై మీద ఉంటే, వైఫై సెట్టింగ్స్‌లో రాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉంటే ఫిజికల్ అడ్రసే మారిపోతుంది, రిజర్వేషన్ పనికిరాదు.

అన్ని సిస్టమ్‌లూ ఒకే రౌటర్ కింద ఉండాలి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్ మీద, ఇంకోటి 5 మీద ఉన్నా ఫర్వాలేదు. గెస్ట్ వైఫై మీద మాత్రం ఉండకూడదు, గెస్ట్‌లో చేరిన సిస్టమ్‌లు ఇంట్లోని మిగతావాటిని చూడకుండా రౌటరే అడ్డుకుంటుంది. ఏపీ ఐసొలేషన్ అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా ఇదే ఫలితం. పై అంతస్తులో రెండో రౌటర్ పెట్టుకున్నవాళ్లు దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి. లేకపోతే పైన 192.168.0, కింద 192.168.1 అంటూ రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు తయారై, కింది సిస్టమ్‌కు పైన ఉన్న హోస్ట్ దొరకదు.

హోస్ట్ తలుపు తీయడం

హోస్ట్‌లో సెట్టింగ్స్ → నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కు వెళ్లి, వైఫై అయితే దాని ప్రాపర్టీస్, కేబుల్ అయితే ఈథర్నెట్ తెరిచి నెట్‌వర్క్ రకం ప్రైవేట్ చేయండి. పబ్లిక్ అని ఉంటే బస్టాండ్‌లోని వైఫైని ఎలా అనుమానిస్తుందో మీ ఇంటి వైఫైనీ విండోస్ అలాగే అనుమానిస్తుంది, ఎవరినీ లోపలికి రానివ్వదు.

తర్వాత విండోస్ 11లో అదే నెట్‌వర్క్ పేజీ నుంచి అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ → అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్. విండోస్ 10లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, ఎడమవైపు చేంజ్ అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్. ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. విడిగా కొనుక్కున్న యాంటీవైరస్‌కు సొంత ఫైర్‌వాల్ ఉంటే, అందులో కూడా మీ ఇంటి నెట్‌వర్క్‌ను హోమ్ లేదా ట్రస్టెడ్ అని చెప్పాలి.

ఇప్పుడు క్లయింట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ 192.168.1.20 కొట్టండి. జవాబులు వస్తే మొదటి మెట్టు అయిపోయినట్టే. ఈ పరీక్ష ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేశాకే చేయండి. అంతకుముందు చేస్తే నెట్‌వర్క్ బాగున్నా విండోస్ ఫైర్‌వాల్ జవాబివ్వనివ్వకపోవచ్చు, లేని తప్పు కోసం రౌటర్‌లో వెతుకుతారు.

ప్రింటర్‌ను షేర్ చేయడం

హోస్ట్‌లో సెట్టింగ్స్ → బ్లూటూత్ అండ్ డివైసెస్ → ప్రింటర్స్ అండ్ స్కానర్స్ (విండోస్ 10లో డివైసెస్ కింద ఉంటుంది). మీ ప్రింటర్ మీద నొక్కి ప్రింటర్ ప్రాపర్టీస్ తెరవండి. పక్కనే ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ అని ఉంటుంది, అది వేరు, అక్కడ షేరింగ్ ఉండదు. షేరింగ్ ట్యాబ్‌లో షేర్ దిస్ ప్రింటర్ టిక్ పెట్టి, షేర్ నేమ్ పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ లేకుండా ఇవ్వండి. ఇక్కడ లేజర్ అని పెట్టాం అనుకోండి. విండోస్ తనంతట ఇచ్చే పొడవాటి పేరులో ఖాళీలు ఉంటాయి, క్లయింట్‌లో చేత్తో కొట్టేటప్పుడు ఒక్క ఖాళీ తప్పినా తలుపు తెరుచుకోదు.

అక్కడే ఉన్న రెండర్ ప్రింట్ జాబ్స్ ఆన్ క్లయింట్ కంప్యూటర్స్ టిక్ తీయకండి. పేజీ బొమ్మ క్లయింట్‌లోనే తయారై రావడానికి కారణం అదే. మొదట్లో చెప్పిన అను ఫాంటు చిక్కు తప్పేది దానివల్లే.

పాస్‌వర్డ్: తీసేయకండి, విడిగా ఒకటి పెట్టండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. క్లయింట్ నుంచి హోస్ట్‌ను తెరవబోతే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. రోజూ వాడే పిన్ కొడితే ఒప్పుకోదు, ఎందుకంటే పిన్ ఆ ఒక్క సిస్టమ్‌కే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీద పనిచేయదు. హోస్ట్‌లో పాస్‌వర్డ్ లేని అకౌంట్ ఉంటే అదీ పనికిరాదు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న అకౌంట్‌ను నెట్‌వర్క్ ద్వారా విండోస్ రానివ్వదు. విసిగిపోయి పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేయమని చాలాచోట్ల సలహా ఇస్తారు. దానివల్ల మీ వైఫైలో చేరిన ప్రతి ఫోనూ, ప్రతి చుట్టాల ల్యాప్‌టాపూ హోస్ట్‌లో మీరు షేర్ చేసినవాటి దాకా రావచ్చు. పైగా విండోస్ 11 ప్రో కొత్త వెర్షన్లలో పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని మొదటి నుంచే ఆపేశారు కాబట్టి, ఆ సలహా పాటించినా పని జరగకపోవచ్చు.

సరైన దారి: ప్రింట్ కోసమే హోస్ట్‌లో ఒక చిన్న లోకల్ అకౌంట్. సెట్టింగ్స్ → అకౌంట్స్ → అదర్ యూజర్స్ → యాడ్ అకౌంట్. ఈమెయిల్ అడిగినచోట ఆ వ్యక్తి సైన్ఇన్ వివరాలు లేవన్న లింకు నొక్కి, తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ను చేర్చు అన్నది ఎంచుకోండి. పేరు ముద్ర అని ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. మూడు భద్రతా ప్రశ్నలు అడుగుతుంది, పూర్తిచేయండి. స్టాండర్డ్ యూజర్‌గానే ఉంచండి, అడ్మినిస్ట్రేటర్ చేయవద్దు.

ఇక ప్రతి క్లయింట్‌లోనూ కంట్రోల్ ప్యానెల్ → క్రెడెన్షియల్ మేనేజర్ → విండోస్ క్రెడెన్షియల్స్ → యాడ్ ఎ విండోస్ క్రెడెన్షియల్. చిరునామా దగ్గర 192.168.1.20, యూజర్‌నేమ్ దగ్గర హోస్ట్ కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, ముద్ర (ఉదాహరణకు హాల్‌పీసీ\ముద్ర), కింద పాస్‌వర్డ్. హోస్ట్ పేరు సెట్టింగ్స్ → సిస్టమ్ → అబౌట్‌లో కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: ఇక్కడ చిరునామా అంకెల్లో ఇస్తే ప్రింటర్‌ను చేర్చేటప్పుడు కూడా అంకెలే వాడాలి. విండోస్‌కు 192.168.1.20 వేరు, హాల్‌పీసీ వేరు. ఒకదానికి దాచిన పాస్‌వర్డ్‌ను రెండోదానికి వాడదు.

పరీక్షించండి. క్లయింట్‌లో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి \\192.168.1.20 కొట్టండి. లేజర్ అనే ప్రింటర్ ఉన్న కిటికీ తెరుచుకుంటే రెండో మెట్టూ ఎక్కేశారు.

క్లయింట్‌లో ప్రింటర్ చేర్చడం

ఆ కిటికీలో లేజర్ మీద రెండుసార్లు నొక్కితే డ్రైవర్ హోస్ట్ నుంచి వచ్చేసి అంతా కుదరాలి. కుదిరితే సంతోషం, టెస్ట్ పేజీ తీసి ఆపేయండి. చాలాచోట్ల కుదరదు. 2021 ఆగస్టులో వచ్చిన భద్రతా అప్‌డేట్ నుంచి, నెట్‌వర్క్ ప్రింటర్ డ్రైవర్ వేయడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. 2021 సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత 11బి తో ముగిసే ఎర్రర్ మొదలైంది, ప్రింటర్‌తో మాట్లాడే దారిని విండోస్ బిగించడమే దానికి కారణం. 709తో ముగిసే ఎర్రర్ కూడా ఈ కోవలోదే. విండోస్ 11 22హెచ్2 నుంచి ఆ మాటల దారి డిఫాల్ట్‌గా మారింది, అందుకే పాత విండోస్, కొత్త విండోస్ కలిసిన ఇళ్లలో ఇది ఎక్కువ.

11బి కి మందు అంటూ హోస్ట్ రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ పట్టీలో) ఒక విలువను 0 చేయమని చెప్పే సలహాలు కోకొల్లలు. అలా చేస్తే ప్రింట్ వస్తుంది, నిజమే. కానీ ఏ కన్నం పూడ్చడానికి ఆ అప్‌డేట్ వచ్చిందో దాన్ని మళ్లీ తెరిచినట్టే. కష్టపడి విడి అకౌంట్ పెట్టుకున్నవాళ్లు ఆ పని చేయక్కర్లేదు. ఇంకో దారి ఉంది, అన్నిటికంటే నమ్మకమైనది కూడా అదే.

ప్రింటర్‌ను ఒక్కసారి క్లయింట్‌కే నేరుగా యూఎస్‌బీతో తగిలించండి. కంపెనీ సైట్ నుంచి ఆ విండోస్‌కు సరిపడే డ్రైవర్ వేసి టెస్ట్ పేజీ తీయండి. 64 బిట్ విండోస్‌కు 64 బిట్ డ్రైవరే కావాలి. తర్వాత కేబుల్‌ను మళ్లీ హోస్ట్‌లో స్టిక్కర్ అంటించిన పోర్టుకే పెట్టేయండి. క్లయింట్‌లో ఆ ప్రింటర్ ఇంకా జాబితాలో ఉంటుంది. దాని ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్స్ ట్యాబ్ → యాడ్ పోర్ట్ → లోకల్ పోర్ట్ → న్యూ పోర్ట్. పేరు అడిగినచోట \\192.168.1.20\లేజర్ అని, చివరి మాట ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఓకే అన్నాక పోర్టుల జాబితాలో దానికి టిక్ ఉందో లేదో చూసి అప్లై చేయండి.

ఇక్కడ జరిగేది ఇది: క్లయింట్ తనకు ప్రింటర్ సొంతంగా ఉందనుకుని పేజీని తన డ్రైవర్‌తో తయారుచేస్తుంది, తయారైనదాన్ని హోస్ట్ షేర్‌లో ఫైల్‌లా వేస్తుంది. డ్రైవర్ హోస్ట్ నుంచి రానక్కర్లేదు, 11బి వచ్చే దారినే వెళ్లదు. హోస్ట్ 32 బిట్ పాత విండోస్ అయినా ఇదే పద్ధతి పనికొస్తుంది. బదులుగా ఒకటి వదులుకోవాలి. కాగితం అయిపోయింది, మూత తెరిచి ఉంది లాంటి కబుర్లు క్లయింట్‌కు సరిగా చేరవు. హోస్ట్ తెర మీదే చూడాలి.

పోర్టు పేరు కొట్టగానే యాక్సెస్ డినైడ్ వస్తే తప్పు పోర్టుది కాదు, క్రెడెన్షియల్‌ది. పేరులో హాల్‌పీసీ\ భాగం మర్చిపోయి ఉంటారు, లేదా పాస్‌వర్డ్ తప్పై ఉంటుంది. నెట్‌వర్క్ పాత్ దొరకలేదంటే (35తో ముగిసే ఎర్రర్) హోస్ట్ నిద్రపోయింది, ఐపీ మారింది, లేదా ఏదో అప్‌డేట్ తర్వాత నెట్‌వర్క్ మళ్లీ పబ్లిక్ అయింది. పింగ్ నుంచి మొదలుపెట్టండి.

పనులు ఇరుక్కుపోతే

డిలీట్ చేసినా పోని ప్రింట్ పని ఒకటి అడ్డం పడితే, దాని వెనక అందరివీ ఆగిపోతాయి. హోస్ట్‌లో సర్వీసెస్ తెరిచి ప్రింట్ స్పూలర్‌ను స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ తెరిచి లోపలి ఫైళ్లన్నీ తుడిచేయండి, ఫోల్డర్‌ను మాత్రం ఉంచండి. స్పూలర్‌ను మళ్లీ స్టార్ట్ చేసి, ప్రింటర్ స్విచ్ ఆపి అర నిమిషం తర్వాత వేయండి. ఇరుక్కున్నది క్లయింట్ జాబితాలో అయితే ఇదే పని క్లయింట్‌లో చేయాలి.

దీనితో కానివి

విండోస్ షేరింగ్ ప్రింట్‌కే. ఆల్‌ఇన్‌వన్ మెషీన్‌లో ఉన్న స్కానర్ ఈ దారిలో క్లయింట్‌కు కనబడదు. ఫోన్లకూ ఈ ప్రింటర్ కనబడదు, ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా నెట్‌వర్క్‌లో నేరుగా ఉన్న ప్రింటర్‌నే వెతుకుతాయి. రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్టు ఉంది కదా, ప్రింటర్‌ను అక్కడే గుచ్చేద్దాం అనుకోవద్దు. 2900, 1020 లాంటివి పేజీని సొంతంగా తయారుచేసుకోలేవు, సగం పని కంప్యూటర్‌లోని డ్రైవరే చేసి పెట్టాలి. చాలా రౌటర్లకూ చవక ప్రింట్ సర్వర్ డబ్బాలకూ ఇలాంటి ప్రింటర్లతో పొసగదు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌తో మరో చిక్కు. కంపెనీ వీపీఎన్ ఆన్ కాగానే ఇంటి నెట్‌వర్క్ కనబడకుండా పోవచ్చు, ప్రింటర్ చేర్చనివ్వని పాలసీలూ ఉంటాయి. వాటిని తప్పించే ప్రయత్నం చేయకండి. ఆఫీసు నియమాలు ఒప్పుకుంటే ఫైల్‌ను పీడీఎఫ్‌గా మార్చి మీ సొంత సిస్టమ్ నుంచి ప్రింట్ తీసుకోండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు అందులోనే పొదిగి ఉండేలా చూస్తే తెలుగు చెదరదు.

వైఫై ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉన్నవాళ్లకు హోస్ట్ అవసరమే లేదు. ప్రింటర్‌కే రౌటర్‌లో రిజర్వేషన్ ఇచ్చి, ప్రతి సిస్టమ్‌లో యాడ్ ప్రింటర్ దగ్గర ఐపీ అడ్రస్‌తో చేర్చండి. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుంటాయి, సెటప్ చేసేటప్పుడు రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉండాలి. విండోస్ తనంతట వెతికి చేర్చినప్పుడు డబ్ల్యూఎస్‌డీ అనే రకం పోర్టు పెడుతుంది, అది తరచూ ఆఫ్‌లైన్ అంటూ మొరాయిస్తుంది. పోర్ట్స్ ట్యాబ్‌లో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ పెట్టుకుంటే నిలకడగా ఉంటుంది. అప్పటికీ ప్రింటర్ వెలుగుతూనే ఉండి తెర మీద ఆఫ్‌లైన్ అంటుంటే, అదే ట్యాబ్‌లో కాన్ఫిగర్ పోర్ట్ నొక్కి ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ టిక్ తీసేయండి. ఆ టిక్ ఉంటే ఎలా ఉన్నావని విండోస్ ప్రింటర్‌ను అడుగుతుంటుంది. ఆ ప్రశ్నకు ప్రింటర్ జవాబు చెప్పకపోతే విండోస్ దాన్ని ఆఫ్‌లైన్ కింద లెక్కేస్తుంది, టిక్ తీశాక ప్రశ్నే వేయదు.